పదమూడంకెల సంఖ్య... పట్టా తెచ్చింది!

పోటీ పరీక్షలకు చదువుతున్నారు కదా, ముందుగా ఓ చిన్న లెక్క. 360కి ఎన్ని కారణాంకాలు? అంటే 360ని శేషం లేకుండా భాగించే సంఖ్యలు ఎన్ని? ఒకటి, రెండు, మూడు అంటూ వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలెడితే పక్క సీటు అభ్యర్థి నాలుగు ప్రశ్నలు ముందుకెళ్లిపోతాడు. కోచింగ్‌లో చెప్పే దారి మీకు తెలిసిందే. 360ని ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడగొట్టాలి. మూడు 2లు, రెండు 3లు, ఒక 5 వస్తాయి. ఒక్కోదానికీ ఒకటి కలిపి గుణించాలి. 4 × 3 × 2 అంటే 24. అయిపోయింది.

ఇప్పుడు ఇదే పద్ధతి ఈ సంఖ్య మీద వాడండి: 67,46,32,83,88,800. చదవడానికే ఊపిరి చాలదు. 6 లక్షల 74 వేల 632 కోట్ల 83 లక్షల 88 వేల 800. ఇందులో ఆరు 2లు, నాలుగు 3లు, రెండు 5లు, రెండు 7లు ఉన్నాయి. ఆపైన 11, 13, 17, 19, 23 ఒక్కొక్కటి. కాబట్టి 7 × 5 × 3 × 3, తర్వాత వరసగా ఐదుసార్లు 2తో గుణకారం. మొత్తం 10,080 కారణాంకాలు. దీనికంటే చిన్న సంఖ్యల్లో ఏది తీసుకున్నా సరే, దానికి ఇన్ని ఉండవు.

ఈ సంఖ్యను 1915లో ఓ పట్టిక చివరి వరసలో రాసిన మనిషి, అంతకు మూడేళ్ల ముందు మద్రాసు పోర్ట్ ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమస్తా. దానికీ ముందు ఇప్పటి ఇంటర్‌లాంటి పరీక్ష రెండుసార్లు తప్పి, ఉద్యోగం కోసం ఊళ్లు తిరిగిన నిరుద్యోగి. పేరు శ్రీనివాస రామానుజన్.

ట్యాక్సీ నంబరు 1729 కథ మీరు వినే ఉంటారు. రెండు ఘనాల మొత్తంగా రెండు విధాలుగా రాయగలిగే అతి చిన్న సంఖ్య అది. దాన్ని ఈసారికి పక్కన పెడదాం. (కారణాంకాల లెక్కలో చూస్తే 1729 పెద్ద గొప్పదేమీ కాదు. దానికున్నవి ఎనిమిదే. ఆ ఎనిమిది 24కే ఉన్నాయి.) ఆ సంఖ్య ఆస్పత్రి మంచం దగ్గర మాటల మధ్య వచ్చింది. ఈ పదమూడంకెల సంఖ్య మాత్రం నెలల తరబడి చేసిన పనిలోంచి వచ్చింది. ఆయనకు జీవితంలో దొరికిన ఒకే ఒక్క డిగ్రీ కూడా ఈ పనికే వచ్చింది.

స్కాలర్‌షిప్ పోయింది... విశాఖకు పారిపోయారు

రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో, అమ్మమ్మగారింట్లో పుట్టారు. పెరిగింది కుంభకోణంలో. తండ్రి శ్రీనివాస అయ్యంగార్ బట్టల దుకాణంలో గుమస్తా. తల్లి కోమలతమ్మాళ్ గుడిలో భజనలు పాడేవారు. సంసారం గడవడానికి కాలేజీ కుర్రాళ్లను ఇంట్లో పెట్టుకుని భోజనం, బస ఇచ్చేవారు. ఆ కుర్రాళ్ల దగ్గర చూసిన పుస్తకాలతోనే ఆయన లెక్కల పిచ్చి మొదలైంది.

పదిహేను పదహారేళ్ల వయసులో జి.ఎస్. కార్ అనే ఆయన రాసిన సూత్రాల సంకలనం ఒకటి చేతికొచ్చింది. దాదాపు ఐదు వేల ఫలితాలు వరసగా రాసి ఉంటాయి. చాలావాటికి నిరూపణ ఉండదు, ఉన్నా ఒకటి రెండు ముక్కల్లో. కార్ కేంబ్రిడ్జి పరీక్షకు ప్రైవేటు పాఠాలు చెప్పే ట్యూటరు. మన భాషలో చెప్పాలంటే అది ఓ కోచింగ్ మెటీరియల్. అలాంటి గైడు మీ గదిలోనూ ఉండే ఉంటుంది. మనం దాన్ని బట్టీ పడతాం. రామానుజన్ మాత్రం ఒక్కో సూత్రాన్నీ తనే నిరూపించుకుంటూ, అక్కడ లేనివి కనిపెట్టుకుంటూ పోయారు. కాగితం ఖరీదు. అందుకని పలక మీద లెక్క చేసి, మోచేత్తో తుడిచేసి, తేలిన ఫలితాన్ని మాత్రం నోటు పుస్తకంలోకి ఎక్కించేవారు. ఆ అలవాటు వల్ల ఆ పుస్తకాల్లో జవాబులే ఉన్నాయి, దారులు లేవు. తర్వాతి గణితవేత్తలకు దశాబ్దాల పాటు సరిపడా పని దొరికింది.

1904లో స్కూలు చదువు పూర్తయింది. లెక్కల్లో బహుమతి, కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో స్కాలర్‌షిప్. ఏడాది తిరక్కుండా ఆ స్కాలర్‌షిప్ పోయింది. లెక్కలు తప్ప ఇంకేదీ చదవలేదు, ఇంగ్లిష్ వ్యాసంలో తప్పారు. ఆ అవమానంతో 1905 ఆగస్టులో ఇంట్లో చెప్పకుండా రైలెక్కి విశాఖపట్నం చేరుకున్నారు. ఇంట్లోవాళ్లు వెతకని చోటు లేదు. కొన్నాళ్లకు తిరిగొచ్చారు కానీ హాజరు, పరీక్ష రెండూ పోయాయి. మర్నాడు మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరి ఉంటే బాగుండేది. చేరింది మరుసటి ఏడాది. 1906లో ఎఫ్.ఏ. పరీక్ష రాశారు. తప్పారు. 1907లో మళ్లీ రాశారు. మళ్లీ తప్పారు. శరీరధర్మ శాస్త్రం ఆయనకు అస్సలు మింగుడు పడలేదు. జీర్ణవ్యవస్థ మీద ప్రశ్నకు, ఆ పాఠం తనకు జీర్ణం కాలేదనే అర్థం వచ్చేలా రాసి కాగితం ఇచ్చేశారని చెప్పుకుంటారు.

ఫెయిలైనా రామానుజన్ అంతటివాడయ్యాడు చూడండి అంటూ ఫోన్లలో తిరిగే పోస్టులు మీరు చూసే ఉంటారు. అవి రాసేవాళ్లు ఆ తర్వాతి ఐదేళ్లను దాటవేస్తారు. అప్పటి మద్రాసులో డిగ్రీ లేనివాడికి లెక్చరర్ పోస్టు దక్కదు, పరిశోధన స్కాలర్‌షిప్ అంతకన్నా దక్కదు. 1907 నుంచి 1912 దాకా ఆయనకు నికరమైన ఆదాయమంటూ లేదు. ట్యూషన్లు చెబుదామన్నా నిలబడలేదు, పాఠం సిలబస్ దాటి ఎక్కడికో వెళ్లిపోయేది. 1909 జులైలో పదేళ్ల జానకితో పెళ్లి చేశారు. ఆ మరుసటి ఏడాది ఆపరేషన్ అవసరమైతే, చేతిలో డబ్బు లేక, ఓ డాక్టరు దయతలచి ఉచితంగా చేశారు. పరీక్ష తప్పడానికి ఆయన చెల్లించిన ధర అది.

చంకలో నోటు పుస్తకాలు

ఇప్పుడు మీకు బాగా తెలిసిన ఘట్టం... ఉద్యోగ వేట. అప్పట్లో నోటిఫికేషన్లు లేవు. తెలిసినవారి ద్వారా తెలియనివారి దగ్గరికి వెళ్లాలి. రామానుజన్ చేతిలో సర్టిఫికెట్ లేదు, ఉన్నవి రెండు నోటు పుస్తకాలు. అవే ఆయన బయోడేటా.

1910లో తిరుక్కోయిలూర్ వెళ్లి డిప్యూటీ కలెక్టర్ వి. రామస్వామి అయ్యర్‌ను కలిశారు. తాలూకా కచేరీలో ఏదో ఒక గుమస్తా పని ఇప్పించమని అడిగారు. ఆ అధికారి ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీని స్థాపించిన వ్యక్తి కావడం రామానుజన్ అదృష్టం. పుస్తకాలు తిరగేసిన అయ్యర్ ఉద్యోగం ఇవ్వలేదు. ఇలాంటి బుర్రను రెవెన్యూ కాగితాల కింద పూడ్చడం ఇష్టం లేక, మద్రాసులోని లెక్కల మిత్రులకు పరిచయ లేఖలిచ్చి పంపారు. ఆకలితో వచ్చినవాడికి అప్పటికది నిరాశే అయి ఉంటుంది.

ఆ ఉత్తరాల దారి చివరికి మన నెల్లూరుకు చేరింది. 1910 డిసెంబరులో నెల్లూరు కలెక్టర్ ఆర్. రామచంద్రరావు. ఆయనకూ లెక్కలంటే ప్రాణం. మాసిన బట్టలు, గీయని గడ్డం, చంకలో నలిగిన నోటు పుస్తకం. ఎదురుగా నిల్చున్న యువకుణ్ని చూసి కలెక్టరుకు మొదట నమ్మకం కుదరలేదు. పుస్తకంలో ఉన్నది మేధస్సో, మతిభ్రమణమో తేల్చుకోలేకపోయారు. రామానుజన్ వదల్లేదు. మళ్లీ కలిశారు. ఈసారి తేలిగ్గా అర్థమయ్యే ఫలితాలతో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా పైకి తీసుకెళ్లారు. ఇంటర్వ్యూకి వెళ్లే ప్రతివాళ్లూ ఒకసారి ఆగి చూడాల్సిన చోటిది. మొదటిసారి ఆయన తనకు తెలిసింది చూపించారు. తర్వాత ఎదుటివారికి అందేలా చూపించారు. కలెక్టరు కరిగిపోయారు. ఏం కావాలని అడిగితే, తిండికి సరిపడా కొద్దిపాటి డబ్బు, లెక్కలు చేసుకునే తీరిక చాలన్నారు రామానుజన్. నెలకు 25 రూపాయలు సొంత జేబులోంచి పంపడానికి కలెక్టరు ఒప్పుకొన్నారు.

ఒకరి దయ మీద బతకడం మాత్రం రామానుజన్‌కు నచ్చలేదు. ఏడాది తర్వాత ఆ డబ్బు వద్దనుకుని 1912 మొదట్లో మద్రాసు అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో 20 రూపాయల తాత్కాలిక పనిలో చేరారు. అది కొద్ది వారాలే. ఫిబ్రవరి 9న పోర్ట్ ట్రస్టుకు దరఖాస్తు పెట్టారు. అందులో ఏదీ దాచలేదు. మెట్రిక్యులేషన్ పాసయ్యానని, ఎఫ్.ఏ. వరకు చదివి పరిస్థితుల వల్ల ముందుకు సాగలేకపోయానని, ఈలోపు లెక్కలే చేస్తూ వచ్చానని రాశారు. ప్రెసిడెన్సీ కళాశాల గణిత ప్రొఫెసర్ మిడిల్‌మాస్ట్ సిఫారసు తోడైంది. మార్చి 1న మూడో తరగతి, నాలుగో గ్రేడు గుమస్తాగా చేరారు. జీతం 30 రూపాయలు.

ఆఫీసు చిన్నదే గానీ పై అధికారులు మంచివాళ్లు దొరికారు. నారాయణ అయ్యర్ స్వయంగా గణితం తెలిసినవారు. రాత్రిళ్లు ఇద్దరూ చెరో పలక పట్టుకుని కూర్చునేవారు. ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ ఇంజినీరు, ఆయన అండగా నిలిచారు. వీళ్లందరి ప్రోత్సాహంతో కేంబ్రిడ్జి ప్రొఫెసర్లకు ఉత్తరాలు వెళ్లాయి. బేకర్, హాబ్సన్ అనే ఇద్దరు పెద్దల నుంచి ఫలితం లేదు. 1913 జనవరి 16న జి.హెచ్. హార్డీకి రాసిన ఉత్తరం మాత్రం పనిచేసింది. వందకు పైగా ఫలితాలున్న ఆ కాగితాల్లో కొన్ని అప్పటికే తెలిసినవి, కొన్ని తప్పులు, కొన్ని మాత్రం హార్డీ ఎన్నడూ చూడనివి. కేంబ్రిడ్జి నుంచి గుర్తింపు రాగానే మద్రాసు యూనివర్సిటీ నిబంధన సడలించి, డిగ్రీ లేని ఈ గుమస్తాకు నెలకు 75 రూపాయల పరిశోధన స్కాలర్‌షిప్ ఇచ్చింది. సముద్రం దాటడానికి ఇంట్లో ఒప్పించడం ఓ పెద్ద కథ. 1914 మార్చి 17న ఓడెక్కారు. ఏప్రిల్‌లో లండన్ చేరారు. ఆగస్టులో యుద్ధం మొదలైంది. ట్రినిటీ కళాశాల ఆవరణ ఆస్పత్రిలా మారింది, లెక్కల మాస్టార్లు సైన్యం పనుల్లోకి వెళ్లారు. తన గదిలో తనే వండుకుంటూ ఆయన పనిలో పడ్డారు.

రికార్డులు కొట్టే సంఖ్యలు

అప్పుడాయన చేసిన పెద్ద పనుల్లో ఒకటి ఈ కారణాంకాల లెక్క. క్రికెట్ రికార్డులాగా ఊహించుకోండి. 1 నుంచి మొదలుపెట్టి ఒక్కో సంఖ్యకూ ఎన్ని కారణాంకాలున్నాయో రాసుకుంటూ వెళ్లాలి. అప్పటిదాకా ఉన్న అత్యధిక స్కోరును దాటిన సంఖ్య వచ్చినప్పుడల్లా దాని చుట్టూ సున్నా చుట్టాలి. 2కి రెండు, 4కి మూడు, 6కి నాలుగు, 12కి ఆరు, 24కి ఎనిమిది, 36కి తొమ్మిది, 48కి పది, 60కి పన్నెండు. తర్వాత 72, 84, 90, 96, 108 అన్నీ పన్నెండు దగ్గరే ఆగిపోతాయి. 120 వచ్చాకే పదహారుతో రికార్డు బద్దలవుతుంది. ఇలాంటి వాటికి రామానుజన్ పెట్టిన పేరు హైలీ కాంపోజిట్ నంబర్స్. తెలుగులో అత్యధిక సంయుక్త సంఖ్యలు అనుకోవచ్చు.

వీటితో మీకు ఇప్పటికే బాగా పరిచయం. రోజుకు 24 గంటలు, గంటకు 60 నిమిషాలు, డజనుకు 12, వృత్తానికి 360 డిగ్రీలు. రామానుజన్ కాలపు ఇంగ్లండ్‌లో పౌనుకు 240 పెన్నీలు, అదీ ఈ జాబితాలోదే. సగం, పావు, మూడో వంతు ఎలా పంచినా చిల్లర సమస్య రాని సంఖ్యలివి. మనం గుండ్రంగా ఉందని ముచ్చటపడే 1000కి 16 కారణాంకాలు. 120కి కూడా అన్నే! గ్రీకు తత్వవేత్త ప్లేటో తన ఆదర్శ నగరానికి 5040 కుటుంబాలు ఉండాలన్నది కూడా ఈ పంపకాల సౌకర్యం చూసే. 5040ని 1 నుంచి 10 వరకు ఏ అంకెతోనైనా భాగించవచ్చు.

చిన్న సంఖ్యల దగ్గర ఇదంతా సరదా. లక్షలు దాటాక ఒక్కొక్కటీ పరీక్షించడం మనిషి వల్ల కాదు. రామానుజన్ ఇక్కడే తెలివి చూపారు. సంఖ్యలను వెతక్కుండా వాటి నిర్మాణాన్ని పట్టుకున్నారు. ఒక ఉదాహరణ చూద్దాం. 18లో ఒక 2, రెండు 3లు. కారణాంకాలు ఆరు. ఆ లెక్కలు తారుమారు చేస్తే రెండు 2లు, ఒక 3... అంటే 12. దానికీ ఆరే. చిన్నదానికే ఆరు ఉన్నప్పుడు 18 రికార్డు కొట్టలేదు. కాబట్టి రికార్డు సంఖ్యలో 2లు ఎప్పుడూ 3లకు తగ్గవు, 3లు 5లకు తగ్గవు, అలా దిగుతూనే పోవాలి. మధ్యలో ఏ ప్రధాన సంఖ్యనూ వదిలెయ్యకూడదు. చివరి ప్రధాన సంఖ్య ఒక్కసారే రావాలి. ఈ ఆఖరి నియమానికి మినహాయింపులు రెండే రెండని, అవి 4, 36 అని ఆయన నిరూపించారు. మన పదమూడంకెల సంఖ్యను మళ్లీ చూడండి. ఆరు, నాలుగు, రెండు, రెండు, ఆపైన అన్నీ ఒకటి. మెట్లు దిగినట్టు ఉంది కదా.

అసలు చిక్కు దీని తర్వాత. ఇంకో 2 చేర్చాలా, కొత్తగా 23ను తేవాలా? ఇది నెలాఖరు బడ్జెట్ లాంటిది. ఆరు 2లున్న సంఖ్యకు ఇంకో 2 చేరిస్తే సంఖ్య రెట్టింపే అవుతుంది. ఖర్చు తక్కువే, కానీ కారణాంకాలు ఏడుకు ఎనిమిది చొప్పున పెరుగుతాయంతే. 23ను తెస్తే సంఖ్య 23 రెట్లయిపోతుంది, కారణాంకాలు ఒక్కసారిగా రెట్టింపు. ఏ ఖర్చుకు ఏ లాభమో తూకం వేసి చూడాలి. ఈ తూకంలో అన్నిటికంటే మెరుగ్గా నిలిచే సంఖ్యలకు ఆయన మరో ప్రత్యేక తరగతి కట్టారు. రికార్డు సంఖ్యల్లోనే శ్రేష్ఠమైనవి. వీటిని మైలురాళ్లుగా పాతుకుని, వాటి మధ్య మిగతా రికార్డులను వెతికారు. కాలిక్యులేటర్ లేదు. గుణకారాలన్నీ చేతితోనే.

అలా తేలిన 102 సంఖ్యలను పట్టికగా ఇచ్చారు. 2తో మొదలై 67,46,32,83,88,800తో ముగుస్తుంది. ఈ చివరి సంఖ్యతో కాసేపు ఆడుకోండి, విసుగు రాదు. 1 నుంచి 28 దాకా ఏ సంఖ్యతో భాగించినా శేషం సున్నా. 29 దగ్గర మొదటిసారి ఆగుతుంది. లక్ష కోట్లు, అంటే 1 పక్కన పన్నెండు సున్నాలు, అదీ పదమూడంకెలదే. దానికి 169 కారణాంకాలు. దీనికి 10,080! ఇంకో తమాషా, ఆ 10,080 కూడా స్వయంగా రికార్డు సంఖ్యే, 72 కారణాంకాలతో.

ఈ వ్యాసం 1915లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో వచ్చింది. అరవైకి పైగా పేజీలు. సొసైటీ దగ్గర డబ్బుల్లేక, మిగిలిన భాగం అచ్చు వేయలేదు. ఈ పని ఆధారంగానే 1916 మార్చిలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం రామానుజన్‌కు పరిశోధన ద్వారా బి.ఏ. పట్టా ఇచ్చింది. కుంభకోణంలో ఒకసారి, మద్రాసులో మరోసారి చేజారిన చదువు, 28 ఏళ్ల వయసులో ఇలా చేతికొచ్చింది. రాసిన పరీక్ష ఒక్కటీ లేదు. అయితే హార్డీకి ఈ అంశం మీద పెద్ద మోజు లేదు. గణితపు ప్రధాన ప్రవాహానికి దూరంగా, ఓ పక్కగా ఉన్న పాయ అని ఆయన అభిప్రాయం. అసమానతల మీద రామానుజన్ పట్టు చూసి మాత్రం అబ్బురపడ్డారు.

పట్టికలో జారిపోయినది

ఇక ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. ఆ 102 సంఖ్యల పట్టికలో ఒక సంఖ్య లేదు. ఉండాలి, కానీ లేదు. రామానుజన్ దాటేశారు.

దాన్ని మీరే కనిపెట్టవచ్చు. పట్టికలో 1,95,54,57,50,400 ఉంది. కారణాంకాలు 4608. తర్వాతిది 3,21,25,37,32,800. కారణాంకాలు 5376. ఈ రెంటి మధ్య ఇంకో రికార్డు దాగి ఉంది. ఆరు 2లు, నాలుగు 3లు, రెండు 5లు, రెండు 7లు, 11, 13, 17, 19 తీసుకుని గుణించండి. 2,93,31,86,25,600 వస్తుంది. కారణాంకాలు 7 × 5 × 3 × 3 × 2 × 2 × 2 × 2. అంటే 5040. ప్లేటో నగరం! 4608ని దాటింది కాబట్టి ఇదీ రికార్డే. పట్టికలో దీనికి చోటుండాలి.

దీని పక్కనున్న 3,21,25,37,32,800 ఇందాక చెప్పిన శ్రేష్ఠమైన సంఖ్యల్లో ఒకటి. మొదటిసారి 23 అడుగుపెట్టే మైలురాయి అది. కళ్లు ఆ మైలురాయి మీదే ఉండి, దానికి ఒక్క అడుగు ముందున్నది జారిపోయిందేమో అనిపిస్తుంది. ఇంకో విచిత్రం చూడండి. జారిపోయిన సంఖ్యను 23తో గుణిస్తే ఏమొస్తుంది? 67,46,32,83,88,800. ఆయన పట్టికలోని ఆఖరి సంఖ్య! పెద్దన్న చివరి వరసలో దర్జాగా కూర్చున్నాడు, తమ్ముడి పేరు జాబితాలో లేదు. కటాఫ్ దాటి కూడా లిస్టులో పేరు కనిపించని అభ్యర్థిలాగా.

ఈ పొరపాటు వల్ల వ్యాసంలోని ఒక్క సిద్ధాంతానికీ నష్టం రాలేదు. నిర్మాణం గురించి ఆయన నిరూపించినవన్నీ చెక్కుచెదరకుండా నిలిచాయి. తప్పిపోయిన సంఖ్యను రికార్డని తేల్చడానికి వాడేదీ ఆయన పద్ధతే.

ఆ తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఆయనకు దక్కిన కాలమూ అంతే. 1917లో జబ్బుపడ్డారు. యుద్ధకాలంలో శాకాహారికి సరైన తిండి దొరకలేదు. చలి, ఒంటరితనం, ఒక నర్సింగ్ హోమ్ నుంచి మరోదానికి మారడం. 1918 మేలో రాయల్ సొసైటీ ఫెలోగా, అక్టోబరులో ట్రినిటీ కళాశాల ఫెలోగా ఎన్నికయ్యారు. ట్రినిటీకి ఎన్నికైన తొలి భారతీయుడు ఆయనే. మద్రాసు యూనివర్సిటీ ఏడాదికి 250 పౌన్లు ఇస్తామంది. 30 రూపాయల ఉద్యోగం కోసం సిఫారసు వెతుక్కున్న మనిషికి, అడక్కుండానే. 1919 వసంతంలో తిరిగొచ్చారు. మంచం మీదే పలక పట్టుకుని చివరి వారాల దాకా లెక్కలు చేశారు. 1920 ఏప్రిల్ 26న మద్రాసు చెట్‌పట్‌లో కన్నుమూశారు. 32 ఏళ్లు. జానకి తర్వాత కుట్టుపని నేర్చుకుని తన బతుకు తాను నడుపుకొన్నారు, 1994 దాకా జీవించారు.

డబ్బుల్లేక అచ్చు వేయని ఆ మిగిలిన భాగం ఏమైందని అడుగుతారేమో. రాతప్రతి పోలేదు. 1944లో అలావోగ్లు, ఎర్డోష్ అనే గణితవేత్తలు ఇలాంటి సంఖ్యల మీద మళ్లీ పని మొదలుపెట్టారు. 1984లో ఫ్రాన్స్‌కు చెందిన గయ్ రోబిన్, ఒక సంఖ్య కారణాంకాల మొత్తానికీ, గణితంలో ఇప్పటికీ తేలని రీమాన్ పరికల్పనకూ నేరుగా ముడి వేశారు. ఆ పరికల్పన తేల్చినవారికి పది లక్షల డాలర్ల బహుమతి ఉంది. తీరా చూస్తే ఆ దారిలో మొదటి అడుగులు రామానుజన్ అచ్చుకాని పేజీల్లోనే ఉన్నాయి. హార్డీ పక్కపాయ అనుకున్నది అంత దూరం పారింది. అదే రోబిన్, నికొలాస్ అనే మరో గణితవేత్తతో కలిసి వివరణలతో సహా ఆ పేజీలను 1997లో ప్రచురించారు. అప్పటికి ఆ వ్యాసం మొదటి సగం వెలువడి 82 ఏళ్లు.